గాలివాన మీద మోపిన నేరం



2024 జూన్ 2, ఆదివారం. బెంగళూరు మీద కుండపోత. ఒక్కరోజులో 111.1 మిల్లీమీటర్లు. జూన్ నెలలో ఒకే రోజు అంత వాన పడటం ఆ ఊళ్లో 133 ఏళ్లలో ఎన్నడూ లేదు. వందల చెట్లు నేలకొరిగాయి. ట్రినిటీ స్టేషన్ దగ్గర మెట్రో పట్టాల మీద కొమ్మ విరిగిపడి రైళ్లు ఆగిపోయాయి. మర్నాడు వీధివీధినా రంపాల మోత, లారీలకెక్కుతున్న దుంగలు. గాలివాన బీభత్సమని పత్రికలు రాశాయి. కళ్లెదుట కనబడింది అదే, రాయక ఏం చేస్తాయి?

కానీ అలాంటి వాన వెలిసిన ఏ వీధిలోనైనా కాస్త నిలబడి చూస్తే ఒక సంగతి తడుతుంది. పడిన చెట్టు పక్కనే అదే జాతిది, అదే వయసుది మరో చెట్టు నిటారుగా నిలబడి ఉంటుంది. గాలి దానికీ తగిలింది. వాన దాన్నీ తడిపింది. మరి ఇదెందుకు కూలింది, అదెందుకు నిలిచింది? జవాబు చాలాసార్లు రంపం కోసిన మొద్దు మీదే దొరుకుతుంది. చుట్టూ నాలుగు వేళ్ల మందాన పచ్చి చెక్క. లోపల మాత్రం చేత్తో లాగితే పీచు పీచుగా ఊడివచ్చే తెల్లటి పదార్థం, లేదా వేళ్ల మధ్య నలిగి పొడైపోయే గోధుమరంగు ముక్కలు. కొమ్మల మీద ఆకు పచ్చగానే ఉంది, నిన్నటిదాకా పూలూ పూసింది. పైన పటారం, లోన లొటారం.

ఆ లొటారం గాలివాన ఒక్క పూటలో చేసింది కాదు. పదేళ్లో, పాతికేళ్లో పట్టి ఉంటుంది. చేసింది శిలీంధ్రం. బెరడు మీద అట్టల్లా, చెవుల్లా పొడుచుకొచ్చే గట్టి పుట్టగొడుగు దాని కాయ మాత్రమే. అసలు జీవి కంటికి ఆనని సన్నటి దారాలుగా చెక్కలోపల అల్లుకుని ఉంటుంది. పండిన కాయ నుంచి బీజకణాలు గాలిలోకి లేస్తాయి. గానోడెర్మా అప్లనేటమ్ అనే జాతి పెద్ద కాయ ఒక్కటి రోజుకు దాదాపు 3,000 కోట్ల బీజకణాలు వదులుతుందని లెక్క, అదీ నెలల తరబడి. కాబట్టి శిలీంధ్రాన్ని ఊళ్లోకి రానివ్వకూడదనే ఆలోచన పెట్టుకోనక్కర్లేదు. అది ఎప్పుడూ ఊళ్లోనే ఉంది, గాలిలోనే ఉంది. దానికి కావలసింది ఒక్క గాయం.

ఈ వరస తెలియడానికి మనుషులకు చాలాకాలం పట్టింది. చెక్క దానంతటదే కుళ్లుతుందని, ఆ కుళ్లులోంచి పుట్టగొడుగు పుడుతుందని పందొమ్మిదో శతాబ్దం దాకా పండితులే నమ్మారు. జర్మన్ అటవీశాస్త్రవేత్త రాబర్ట్ హార్టిగ్ 1870లలో సూక్ష్మదర్శిని కింద చెక్క ముక్కలు పెట్టి చూసి ఈ క్రమాన్ని తిరగేశాడు. ముందు శిలీంధ్రం, ఆ తర్వాతే కుళ్లు. ఏ శిలీంధ్రం చెక్కను ఏ తీరున పాడుచేస్తుందో కూడా బొమ్మలు గీసి మరీ చూపించాడు.

ఆ తీరులు ముఖ్యంగా రెండు. బెంగళూరులో ఏ సందులోకి తిరిగినా ఏదో ఒక భవనం లేస్తూ ఉంటుంది కాబట్టి ఆ భాషలోనే చెప్పుకుందాం. చెక్కలో సెల్యులోజ్ ఇనుప చువ్వల పని చేస్తుంది, లిగ్నిన్ వాటి చుట్టూ పోసిన కాంక్రీటు. గోధుమ కుళ్లు శిలీంధ్రాలు చువ్వల్ని కరిగించి తినేసి కాంక్రీటును దాదాపు వదిలేస్తాయి. చెక్క చదరాలుగా పగిలి పొడవుతుంది. ప్రమాదమంతా దీని వేగంలో ఉంది. చెక్క బరువు పది శాతం తగ్గేలోపే దెబ్బకు తట్టుకునే శక్తి సగానికి పైగా పోతుంది. చూస్తే దుంగ దుంగలాగే ఉంటుంది. రెండోది తెల్ల కుళ్లు. ఇది లిగ్నిన్‌ను సైతం విడగొట్టగలదు. ప్రకృతిలో ఆ విద్య పూర్తిగా తెలిసిన జీవులు ఇవే. అందుకు వాడే ఎంజైముల్లో ఒకదాన్ని, లిగ్నిన్ పెరాక్సిడేజ్‌ను, 1983లో అమెరికాలో కనుక్కున్నారు. గోధుమ కుళ్లు ఎక్కువగా దేవదారు, పైన్ లాంటి చెట్లకు పడుతుంది. వెడల్పాకుల చెట్లకు పట్టేది ఎక్కువగా తెల్ల కుళ్లు. బెంగళూరు రోడ్ల మీద ఉన్నవి దాదాపు అన్నీ వెడల్పాకుల చెట్లే.

ఇక్కడ కొంచెం దారి తప్పినా పర్వాలేదు, సంగతి అంత రుచికరమైనది. 2012లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. 31 శిలీంధ్రాల జీనోములు పోల్చి, లిగ్నిన్‌ను తినే విద్య సుమారు 30 కోట్ల ఏళ్ల కిందట పుట్టిందని లెక్కగట్టారు. భూమి మీద బొగ్గు విపరీతంగా పేరుకున్న కార్బోనిఫెరస్ యుగం ముగిసిందీ అప్పుడే కాబట్టి, బొగ్గు తయారీ తగ్గడానికి ఈ శిలీంధ్రాలే కారణం కావచ్చన్నారు. కథ బాగుంది. కానీ మన సింగరేణి బొగ్గు ఆ తర్వాతి పెర్మియన్ యుగానిది. శిలీంధ్రాలు లిగ్నిన్ తినడం నేర్చుకున్నాక కూడా గోదావరి లోయలో మందపాటి పొరలుగా బొగ్గు ఏర్పడింది మరి! నాలుగేళ్లకు వేరే పరిశోధకులు ఆ సిద్ధాంతాన్ని కాదన్నారు. బొగ్గు పేరుకోవడానికి అసలు కారణం అప్పటి తేమ వాతావరణమూ కుంగిపోతున్న లోయలూ అని వాళ్ల వాదన. సింగరేణి వైపు నుంచి చూస్తే వీళ్ల మాటే నమ్మబుద్ధవుతుంది.

బెంగళూరుకు తిరిగొద్దాం. ఆ ఊరి చెట్లలో చాలా భాగం మనుషులు ఏరి కోరి నాటినవి. 1908లో మైసూరు సంస్థానానికి వచ్చిన జర్మన్ ఉద్యానవేత్త గుస్తావ్ హెర్మన్ క్రుంబిగల్ లాల్‌బాగ్ బాధ్యత చూస్తూ ఒక ముచ్చటైన పథకం వేశాడు. ఏడాది పొడుగునా ఏదో ఒక వీధిలో ఏదో ఒక చెట్టు పూస్తూనే ఉండాలి. తర్వాత 1980లలో ఎస్.జి. నేగిన్‌హాళ్ అనే అటవీ అధికారి ఆధ్వర్యంలో సుమారు 15 లక్షల మొక్కలు నాటారు. మడగాస్కర్ నుంచి వచ్చిన తురాయి, అమెరికా ఖండం నుంచి వచ్చిన నిద్రగన్నేరు, వాటితోపాటు పచ్చ తురాయి, ఆకాశమల్లె, మన కానుగ, వేప. వీటిలో తురాయి లాంటివి త్వరగా పెరుగుతాయి, త్వరగా పూస్తాయి. చెక్క పెళుసు, వేళ్లు లోతుకు పోవు. 1980లలో నాటిన తురాయికి ఇప్పుడు నలభై ఏళ్లు అటూ ఇటూ. వీధి పక్క తురాయికి అది ముసలితనమే.

ముసలితనం నేరమేమీ కాదు. తొర్ర కూడా కాదు. చెట్టు మధ్యలో ఉండే చేవ ప్రాణం లేని భాగం. నీళ్లు ఎక్కేది దాని చుట్టూ ఉన్న తెల్ల చెక్కలోంచి, ఆహారం దిగేది బెరడు లోపలి పొరలోంచి. అందుకే నడుమంతా గుల్లయినా చెట్టు ఏళ్ల తరబడి ఆకులు వేస్తుంది. బలం మాటకొస్తే గొట్టం కూడా బాగానే నిలుస్తుంది. మిగిలిన గట్టి చెక్క మందం కాండం వ్యాసార్థంలో మూడో వంతుకు తగ్గకుండా ఉంటే పెద్దగా భయం లేదని జర్మన్ శాస్త్రవేత్త క్లాస్ మాటెక్ ఒక కొండగుర్తు చెప్పాడు. అన్ని చెట్లకూ అది ఒకేలా వర్తించదని తర్వాత విమర్శలు వచ్చాయి. అయినా చెట్టు కింద నిలబడి నిర్ణయం తీసుకోవలసినవాళ్లకు ఒక మొదలు దొరికింది.

మరి చెట్టు ఆ కుళ్లును ఎలా ఆపుతుంది? ఈ సంగతి విప్పి చెప్పింది అమెరికా అటవీ శాఖకు చెందిన అలెక్స్ షైగో. అప్పటిదాకా దుంగల్ని అడ్డంగా కోసి చూసేవాళ్లు. షైగో చెయిన్ రంపం పట్టి వేల చెట్లను నిలువునా చీల్చాడు. 1977లో ప్రకటించిన ఆయన సిద్ధాంతం సారాంశం ఇది. మన చర్మం తెగితే అక్కడే కొత్త కణాలు పుట్టి గాయం మానుతుంది. చెట్టుకు ఆ అదృష్టం లేదు. తెగిన చెక్క తెగినట్టే ఉంటుంది. చెట్టు చేయగలిగింది ఆ చోటును వేరుచేసి మూసేయడం. అందుకు నాలుగు గోడలు కడుతుంది. పైకీ కిందికీ ఉన్న నాళాల్ని పూడ్చేది మొదటి గోడ, అన్నిట్లోకి బలహీనం. లోపలివైపు వార్షిక వలయాలు, పక్కలకు కిరణ కణజాలం రెండో గోడ, మూడో గోడ. గాయమయ్యాక కొత్తగా పెరిగే చెక్కకు, పాత చెక్కకు నడుమ పడే పొర నాలుగోది. అదే అన్నిట్లోకి గట్టిది. తొర్ర ఉన్న చెట్టు బతికి బట్టకట్టేది ఆ నాలుగో గోడ పుణ్యాన.

ఈ మాట అర్థమైతే బెంగళూరు వీధుల్లో జరిగే కొమ్మల నరుకుడు వేరేగా కనిపిస్తుంది. కరెంటు తీగలకు అడ్డమని ఒకవైపు కొమ్మలన్నీ కాండానికి సమంగా చెక్కేస్తారు. చూడటానికి నున్నగా, శుభ్రంగా ఉంటుంది. నిజానికి కొమ్మ మొదట్లో కాస్త ఉబ్బిన పట్టీ లాంటి భాగం ఉంటుంది. చెట్టు గోడ కట్టుకునే సరంజామా అంతా అక్కడే. సమంగా చెక్కితే ఆ పట్టీ కూడా పోతుంది. జానెడు పొడుగు మోడు వదిలినా ముప్పే, ఆ మోడు చచ్చి శిలీంధ్రానికి దారిస్తుంది. పట్టీని తాకకుండా దాని అంచున కోయాలి. బరువైన కొమ్మకైతే ముందు కిందివైపు నుంచి సగం గాటు పెట్టి, ఆ తర్వాత పైనుంచి కోసి బరువు దించి, చివర మిగిలిన ముక్కను తీసేయాలి. లేదంటే కొమ్మ విరుగుతూ కాండం మీది బెరడును బారెడు చీల్చుకుపోతుంది. కోత మీద తారో రంగో పూయడం పాత అలవాటు. ఏళ్ల తరబడి పరీక్షించి అది కుళ్లును ఆపదని తేల్చిందీ షైగోనే. తొర్రలో సిమెంటు నింపడమూ అంతే. చెట్టు గాలికి ఊగుతుంది, సిమెంటు ఊగదు. రెంటి మధ్య నీరు చేరుతుంది, శిలీంధ్రానికి అంతకంటే కావలసిందేముంది?

కొమ్మ కోత కనీసం కంటికి కనబడుతుంది. వేరు కోత కనబడదు. కేబుళ్ల కోసం, మురుగు కాల్వ కోసం, రోడ్డు వెడల్పు కోసం చెట్టు పక్కనే కందకం తవ్వుతారు. ఒకవైపు వేళ్లన్నీ తెగుతాయి. నెల తిరిగేసరికి పైన కాంక్రీటు పరచి ఫుట్‌పాత్ వేస్తారు. చెట్టు చావదు. మిగిలిన వేళ్లతో నీళ్లు తాగుతూ ఆకులు వేస్తుంది. తెగిన చోట నేలలోని గానోడెర్మా లాంటి శిలీంధ్రాలు చేరి మెల్లగా మొదలు వైపు నడుస్తాయి. ఏళ్లు గడిచాక ఒక ఏప్రిల్ సాయంత్రం, మామిడి జల్లుల గాలికి, నిండా పూసిన తురాయి వేళ్లతో సహా పక్కకు ఒరిగి కారు మీద పడుతుంది. అప్పటికి కందకం తవ్వినవాళ్లెవరో ఎవరికీ గుర్తుండదు. చెట్టు మొదలు చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2013లో ఢిల్లీ విషయంలో ఆదేశించింది. బెంగళూరులో బెరడును ఒరుసుకుంటూ పోసిన సిమెంటు పలకలు వెతకడానికి ఎక్కువ దూరం నడవనక్కర్లేదు.

2025 మే నెలలో బెంగళూరు కత్రిగుప్పెలో ఆటో మీద చెట్టు పడి డ్రైవరు చనిపోయాడు. జూన్‌లో బైకు మీద వెళ్తున్న యువకుడి తల మీద కొమ్మ పడింది. అతనూ దక్కలేదు. ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ పాత చెట్లన్నీ కొట్టేయమనే కేక లేస్తుంది. ఆ భయం అబద్ధం కాదు, దాన్ని ఎగతాళి చేయడం తగదు. కానీ ఏది పడేదో ఏది నిలిచేదో తేల్చే సాధనాలు ఉన్నాయి. కాండం చుట్టూ సెన్సర్లు బిగించి చిన్న సుత్తితో తడితే, గట్టి చెక్కలో ధ్వని వేగంగా, కుళ్లిన చెక్కలో నెమ్మదిగా పోతుంది. దాన్నిబట్టి కంప్యూటరు లోపలి బొమ్మ గీస్తుంది. సన్నటి సూదితో లోపలికి తొలుస్తూ ఎంత అడ్డు తగులుతుందో గీత గీసే యంత్రం ఇంకొకటి. ఇవేవీ లేకపోయినా కొయ్య సుత్తితో తట్టి వింటే గుల్ల చప్పుడు అనుభవం ఉన్న చెవికి తెలుస్తుంది.

చెక్కను కుళ్లబెట్టే ఈ శిలీంధ్రాలతో తెలుగు రైతుకు పరిచయం లేకపోలేదు. కోనసీమ కొబ్బరితోటల్ని పీడించే గానోడెర్మా ఎండు తెగులు ఆ కుటుంబానిదే. కింది మట్టలు వేలాడిపోతాయి, మొదట్లో బెరడు పగిలి గోధుమరంగు జిగురు కారుతుంది, పిందెలు రాలుతాయి. పుట్టగొడుగు మొదట్లో కనబడేసరికి చెట్టు పని దాదాపు అయిపోయినట్టే. 1952 తుపాను తర్వాత తంజావూరులో విజృంభించడంతో తమిళనాట దీనికి ఆ ఊరి పేరే స్థిరపడింది. కర్ణాటక పోకతోటల్లో ఇదే అణబె రోగ. 1807లో అచ్చయిన ఫ్రాన్సిస్ బుకానన్ మైసూరు యాత్రా గ్రంథంలోనే దాని ప్రస్తావన ఉందని చెబుతారు. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం ఏళ్లుగా దీని మీద పనిచేస్తోంది. రైతులకు ఇచ్చే సలహాలో ముఖ్యమైనవి రెండు. తెగులు సోకిన చెట్టు చుట్టూ కందకం తవ్వి దాని వేళ్లు పక్క చెట్టును తాకకుండా చేయడం ఒకటి. చెట్టుకు 50 గ్రాముల ట్రైకోడెర్మాను 5 కిలోల వేపపిండిలో కలిపి మొదట్లో వేయడం రెండోది. ట్రైకోడెర్మా కూడా శిలీంధ్రమే. ఒక శిలీంధ్రం మీదికి ఇంకో శిలీంధ్రాన్ని ఉసిగొల్పడమన్నమాట.

కుళ్లు పట్టినా బతకడంలో మర్రిచెట్టుది మాత్రం వేరే దారి. బెంగళూరుకు పడమర, కెంగేరి దాటాక రామోహళ్లి దగ్గర దొడ్డ ఆలద మర ఉంది. నాలుగొందల ఏళ్లదని చెబుతారు, సుమారు మూడెకరాలు. దాని అసలు మొదలు తెగులు సోకి పోయింది. ఊడలే మానులై ఇప్పుడది ఒక తోపులా కనిపిస్తుంది. హౌరాలోని వృక్షోద్యానంలో ఉన్న మహావటవృక్షం కథ ఇంకా స్పష్టం. 1864, 1867 తుపాన్లలో దెబ్బతిన్న మొదలుకు శిలీంధ్రం పట్టింది. 1925లో ఆ మానును పూర్తిగా తొలగించారు. నడుమ ఖాళీ, చుట్టూ మూడు వేలకు పైగా ఊడలు, చెట్టు నేటికీ విస్తరిస్తూనే ఉంది. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి వచ్చింది చెద బాధ. 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగాక సందర్శకుల్ని ఆపేశారు. సెలైన్ సీసాల్లో చెదల మందు నింపి చుక్క చుక్కగా చెట్టులోకి ఎక్కించారు. కొమ్మలకు సిమెంటు దిమ్మెలు ఆనించి, ఊడలు నేల తాకేదాకా గొట్టాలు తొడిగారు. తురాయికి, నిద్రగన్నేరుకు ఊడలు లేవు. మొదలు పోతే చెట్టు పోయినట్టే అనుకుంటాం. కానీ గోదావరి ఒడ్డున కుమారదేవంలో ఎన్నో సినిమాల్లో కనిపించిన నిద్రగన్నేరు 2024 ఆగస్టులో కూలాక, మిగిలిన మొదలుకు చికిత్స చేస్తే చిగుళ్లు వేసింది.

అసలు కుళ్లని చెక్క లేదా? బెంగళూరు కోట పక్కన టిప్పు వేసవి మహలు టేకు స్తంభాల మీద నిలబడి ఉంది. కట్టడం 1791లో పూర్తయింది. టేకు చేవలో శిలీంధ్రాలకు గిట్టని రసాయనాలున్నాయి. స్తంభాలు నేల తేమ అంటకుండా రాతి దిమ్మెల మీద నిలిచాయి. చెక్కలో తేమ ఐదో వంతుకు లోబడి ఉంటే శిలీంధ్రం ఆకలితో కూర్చోవలసిందే. ఏ కలప ఎంతకాలం ఆగుతుందో తేల్చడానికి మల్లేశ్వరంలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీ వంటి సంస్థలు చెక్క మేకుల్ని సగం దాకా భూమిలో పాతి ఏళ్ల తరబడి కనిపెట్టి చూస్తాయి. 120 నెలలు దాటి నిలిస్తే మొదటి తరగతి, 60 నెలల్లోపే పోతే మూడోది. టేకు మొదటిది. మామిడి, బూరుగ మూడోది. లాల్‌బాగ్‌లో మాత్రం ఈ లెక్కలన్నిటినీ దాటేసిన దుంగ ఒకటి ఉంది. తమిళనాడులోని తిరువక్కరై నుంచి తెచ్చిన ఆ శిలాజ వృక్షం వయసు సుమారు రెండు కోట్ల ఏళ్లు. శిలీంధ్రం అందుకునేలోపే మట్టికింద సిలికా చేరి చెక్క రాయైపోయింది.

శిలీంధ్రాన్ని దొంగగా చూడటం కూడా పూర్తి న్యాయం కాదు. అది లేకపోతే రాలిన కొమ్మలు గుట్టలుపడి ఉండేవి, వాటిలోని పోషకాలు తిరిగి మట్టికి చేరేవి కావు. కబ్బన్ పార్కులో కుటుక్కు కుటుక్కుమని అరిచే పచ్చ పిట్టల ముక్కుకు గట్టి చెక్కను తొలిచే శక్తి లేదు. శిలీంధ్రం మెత్తబరచిన ఎండుకొమ్మలోనే అవి గూడు తొలుచుకుంటాయి. చిలకలకూ పైడికంటెలకూ తొర్రలే కాపురాలు. నగర శివార్లలో హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ ముత్యపు చిప్ప పుట్టగొడుగుల పెంపకం నేర్పుతుంది. అదీ చెక్కను తినే తెల్ల కుళ్లు జాతే. ఎండుగడ్డిలోని లిగ్నిన్‌ను విడగొట్టి కూరగా మారుతుంది.

బెంగళూరులో ఇంటి ముందు పెద్ద చెట్టున్న శ్రోతలు ఏడాదికి రెండుసార్లు దాని వైపు తీరిగ్గా చూస్తే చాలు. వానలు బాగా కురిసిన ఆగస్టు, సెప్టెంబరుల్లో మొదలు చుట్టూ, పాత కోతల దగ్గర పుట్టగొడుగులేమైనా లేచాయేమో చూడాలి. కొమ్మ మీది చిన్న తెల్ల విసనకర్రలకు కంగారు పడనక్కర్లేదు, అవి ఎక్కువగా చచ్చిన కొమ్మలకే వస్తాయి. నేలకు ఆనుకుని, కాండం మొదట్లో గోధుమరంగు గట్టి అట్టలా వచ్చినదానికి మాత్రం ఆలస్యం చేయకూడదు. మళ్లీ ఫిబ్రవరిలో, గాలులు మొదలుకాకముందు, ఎండిన కొమ్మలు, కొత్తగా పడిన పగుళ్లు, ఒకవైపు లేచిన నేల, పోయినేటి కంటే పెరిగిన వాలు చూసుకోవాలి. 1976 నాటి కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం కింద సొంత ఆవరణలోని చెట్టును కొట్టాలన్నా సాధారణంగా వృక్ష అధికారి అనుమతి కావాలి. అనుమానం వచ్చిన చెట్టు ఫొటోలు తీసి, పుట్టగొడుగు ఎక్కడుందో రాసి, ఆ అధికారికి లిఖితంగా అర్జీ పెట్టుకోవచ్చు. అర్జీలో చెట్టును కొట్టమని కాకుండా పరీక్షించమని రాయడం మంచిది. పక్కన ఎప్పుడైనా కందకం తవ్వి ఉంటే ఆ సంవత్సరం కూడా రాయాలి.